భీమన్న తినని చేప

సముద్రం పక్కన పధ్నాలుగేళ్లు ఉండి కూడా సముద్రపు చేపను చేపగా ఒప్పుకోని మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. చూడటమేమిటి, రోజూ భరించాను. పేరు భీమన్న. జగిత్యాల దగ్గర పల్లె. ఒమాన్‌లో బర్కా ఊరి బయట, హమూద్ అనే అర్బాబ్ ఖర్జూరపు తోటలో పని. అర్బాబ్ అంటే ఇక్కడ యజమాని. ఆ తోటకు ఎదురుగా, రోడ్డుకు ఇవతల, నా కిరాణా కొట్టు. నా పేరు ఖాదర్‌వలి, మాది కడప. కొట్టు నాది కాదు, అందులో చాకిరీ మాత్రం నాదే.

తోట నుంచి సముద్రం నడిచిపోయేంత దూరం. పొద్దున్నే పడవలొస్తాయి, ఒడ్డునే బేరాలు జరుగుతాయి. ఇంకా మొప్పలాడిస్తున్న చేపల్ని అక్కడ వదిలేసి, భీమన్న నేరుగా నా కొట్టుకొచ్చి ఫ్రీజర్ మూత ఎత్తేవాడు. అందులో బర్మా చెరువుల నుంచి ఓడలో వచ్చిన రవ్వ చేప ఉంటుంది. అది ఏ నెలలో చచ్చిందో పైన అచ్చు వేసినవాడికి కూడా తెలీదు. దాంతో నెత్తి మీద కొడితే మనిషి లేవడు, అంత గడ్డ. భీమన్న దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇగో, గిది చేప" అనేవాడు.

"ఎదురుగా అంత సముద్రం పెట్టుకొని నీకీ ఐసుగడ్డ ఎందుకప్పా?" అని ఒకసారి అడిగాను.

"సముద్రం చేపకు ఉప్పు పుట్టుకతోనే ఉంటది భాయ్. ఇగ నేనేసే ఉప్పుకు ఇజ్జతేముంటది?"

ఇలాంటి మనిషితో వాదించడం నా బుద్ధి తక్కువతనం. అయినా రుచి విషయంలో ఎవరు తక్కువ తిన్నారు గనక? ఒమానీలకు కనాద్ తప్ప మిగతావన్నీ చేపలే కావు. కనాద్ అంటే మన వంజరం. మలయాళీలకు కవళ్లనే చిన్నచేపలు లేకపోతే అన్నం దిగదు, ఆ కవళ్లను ఇక్కడివాళ్లు ఎండబెట్టి ఒంటెలకు వేస్తారు. మా కడపోళ్ల సంగతి అడక్కండి, చేప ఎంత బాగున్నా "పొట్టేలు మాంసం లాగుంది" అంటేనే అది మెచ్చుకోవడం. ప్రతివాడికీ తన చెరువే చెరువు, తన ముల్లే ముల్లు.

భీమన్న శుక్రవారాలు మాత్రం చేప వండేవాడు కాదు. కారణం అతని భార్య శాంతవ్వ. ఆమె కూడా ఒమాన్‌లోనే ఉంది. ఆరేళ్ల కిందట మస్కట్‌లోని దార్సైట్‌కు, ఒక గుజరాతీ కుటుంబం ఇంటిపనికి వచ్చింది. మంచివాళ్లు. కానీ పనిలో చేరేటప్పుడే ఒక షరతు చెప్పారు. చేప, మాంసం ముట్టిన చెయ్యి తమ వంటింట్లోకి రాకూడదు. శాంతవ్వ సరేనంది. అన్నమాట మీద ఆరేళ్లు నిలబడింది. రెండు వారాలకోసారి, శుక్రవారం, బస్సెక్కి బర్కా వచ్చేది. వస్తున్నదంటే భీమన్న గురువారం నుంచే గిన్నెలు బూడిదతో తోమి, గదంతా కడిగి, వంకాయ కూర వండి పెట్టేవాడు. ఆమె పదింటికి వచ్చి నాలుగింటికి వెళ్లిపోయేది. వాళ్ల కాపురం మొత్తం ఆ ఆరు గంటలే. అందులో అయిదు గంటలు ఆమె తిట్టేది.

"అంత దూరం నుంచి తిట్టేదానికే వస్తావా అక్కా?" అన్నాను ఒకసారి ఉండబట్టలేక.

"మరి దార్సైట్ల ఎవల్ని తిట్టుమంటవు తమ్మీ? ఆడ అందరు మర్యాదస్తులే" అంది.

ఇక చేపల కథకొస్తాను. రెండేళ్ల కిందట హమూద్ ఏదో ప్రదర్శన చూసొచ్చి, తోటకు నీళ్లు పారించే పెద్ద సిమెంటు ట్యాంకులో చేపపిల్లలు వదిలాడు. చేపలున్న నీళ్లు ఖర్జూరానికి బలం, చేపలు మనిషికి బలం, రెండువైపులా లాభం అన్నాడు. ఆ పిల్లలు కాస్త పెరిగాక భీమన్న చూసి నెత్తి కొట్టుకున్నాడు. అవి జిలేబి చేపలు. మన చెరువుల్లో ఎవరూ పిలవకపోయినా వచ్చి చేరి, మంచి చేపల మేతంతా తినేసే రకం.

"మా ఊర్ల దీన్ని కుక్కకేస్తె, కుక్క మన మొకం దిక్కు చూస్తది భాయ్" అన్నాడు.

అన్నాడే గాని పెంచడం మాత్రం పెంచాడు. పొద్దున, సాయంత్రం మేత. ఎండకు నీళ్లు కాగకుండా పైన ఆకుపచ్చ వల. కరెంటు పోతే గాలి మోటారు కోసం పరుగులు. రెండేళ్లు కన్నబిడ్డల్లా చూశాడు, ఒక్కటంటే ఒక్కటి నోట పెట్టలేదు. "పెంచుడు డ్యూటీ. తినుడు డ్యూటీ గాదు" అనేవాడు.

ఆ ఒక్క విషయంలో ఊరంతా అతనితో ఏకీభవించింది. హమూద్ తల్లి వాసన చూసి, ఇది చేప కాదు, మట్టి అంది. మలయాళీలు పలకరించి వెళ్లిపోయారు. ఇద్దరు ఫిలిప్పీనో నర్సులు మాత్రం ప్రతి శనివారం వచ్చి, చేప చూడగానే చప్పట్లు కొట్టి, తలా రెండు తీసుకెళ్లేవాళ్లు. ఇద్దరాడపిల్లలు ఎంతని తింటారు? వాళ్లు నాలుగు తినేలోపు ట్యాంకులో నలభై పుట్టేవి.

మే నెలలో హమూద్ తెగేసి చెప్పాడు. నేనే తర్జుమా చేశాను, నా ఖర్మ. జూన్ ఆఖరుకు భీమన్న వీసా అయిపోతుంది. ఆలోపు చేపలు అమ్ముడుపోతే మళ్లీ రెండేళ్లు కొట్టిస్తాడు. లేకపోతే ట్యాంకు పూడ్చేస్తాడు. చెట్లకు ఇప్పుడు డ్రిప్పు పైపులున్నాయి, వాటికి బంగ్లాదేశీ జావెద్ ఒక్కడు చాలు. భీమన్న ఇంటికి వెళ్లొచ్చు.

భీమన్న మధ్యాహ్నం నా కొట్టుకొచ్చి బియ్యం బస్తా మీద కూర్చున్నాడు.

"మా ఇంటిది మొన్ననే ఇంకో రెండేండ్లకు అగ్రిమెంట్ రాసింది భాయ్. నేను పోతె దానికి శుక్రవారం ఏడిది?" అన్నాడు.

జవాబు తోచనప్పుడు నాకు కోపమొస్తుంది. "పోయి ఆ చేపలు అమ్ముకోరాదా, ఇక్కడ కూర్చుంటే ఎవడు కొంటాడు?" అని అరిచి పంపేశాను.

అప్పుడు దిగింది నాదియా. హమూద్ అన్న కూతురు, కాలేజీలో మార్కెటింగ్ చదువుతున్నది. జనానికి ఏ చేప రుచి అంటే ఇష్టమో సర్వే చేస్తే, దాన్నిబట్టి అమ్మొచ్చని బాబాయికి చెప్పింది. చేతిలో ట్యాబ్. అందులో చేపల బొమ్మలు. చదువురాని వాళ్ల కోసం కింద అయిదు ముఖాలు, ఏడుస్తున్నదాని దగ్గర్నుంచి పకపకా నవ్వుతున్నదాని దాకా. కూలీలంతా వచ్చేది నా కొట్టుకే కాబట్టి నా బల్ల మీదే దుకాణం పెట్టింది.

నీకు ఇష్టమైన చేప ఏది అంటే, వచ్చినవాడల్లా కనాద్ మీద వేలు పెట్టాడు. పదేళ్లుగా ఇక్కడున్నాను, కనాద్ కొన్న కూలీని ఒక్కణ్ని చూడలేదు. కనాద్ మీద వేలు పెట్టి, అదే వేలితో నా అరలో కవళ్ల డబ్బా చూపించి, కొనుక్కుని పోయారు. అడిగింది చదువుకున్న పిల్ల, చేతిలో మెషీను. కవళ్లంటే ఇష్టమని చెప్పి పరువు ఎవడు తీసుకుంటాడు? జావెద్‌ను ముఖం చూపించమంటే చాలాసేపు ఆలోచించి నాలుగోది చూపించాడు. ఎందుకంటే అది వాళ్ల అన్నలా ఉందట.

"అమ్మా, వీళ్లు చెప్పేది ఒకటి, తినేది ఒకటి" అని హిందీలో చెప్పాను నాదియాకు.

పిల్ల తెలివైనదే. మర్నాడు జిలేబి చేపల్ని ఉప్పూ నిమ్మకాయా రాసి కాల్చి, అందరికీ ప్లేట్లలో పెట్టింది. ట్యాబ్ చూసి ఇదేదో సర్కారు పనేమో, వీసాకు ముడిపెడతారేమో అని భయపడి, అందరూ పకపకా నవ్వే ముఖాన్నే నొక్కారు. నాదియా దాన్ని పట్టించుకోలేదు. వాళ్లు పోయాక ప్లేట్లు వరసగా పేర్చి, ఎవరెంత వదిలేశారో రాసుకుంది. ముక్కాలు భాగం అలాగే ఉంది. "ముఖం కంటే ప్లేటు నమ్మాలి అంకుల్" అంది. ఆ మాటకు ఆమె మీద నాకు గౌరవం కలిగింది. భీమన్న మాత్రం ఆ ప్లేట్లు చూసి, తన పాస్‌పోర్టును ఎవరో చెత్తబుట్టలో వేసినట్టు నిలబడ్డాడు.

జూన్ వచ్చింది. జూన్ అంటే ఉత్తర తెలంగాణ వాళ్లకు మిర్గం. మృగశిర కార్తె మొదలైన రోజున చేప తినాల్సిందే, తినకపోతే ఏడాదంతా రోగాలే అని వాళ్ల గట్టి నమ్మకం. ఆ ఏడు మిర్గం గురువారం పడింది. డ్యూటీ ఉంది కాబట్టి శుక్రవారానికి జరిపారు. గల్ఫ్‌లో పంచాంగం కూడా సెలవు చూసుకునే రావాలి. నెల మొదటి రోజు నుంచీ నా ఫ్రీజర్ చుట్టూ ఒకటే తిరుగుడు. కానీ ఆసారి బర్మా రవ్వ రాలేదు. కంటైనర్ ఏ రేవులో ఇరుక్కుందో, హోల్‌సేలు వాడు ఫోనెత్తడం మానేశాడు.

బుధవారం సహం అనే ఊరి నుంచి సురేందర్ వచ్చాడు. నిర్మల్ మనిషి, అక్కడొక సైట్‌లో ఫోర్‌మన్, అతని మాట మీద ఎనభై మంది కదులుతారు. ఖాళీ ఫ్రీజర్‌లోకి తల పెట్టి చూశాడు, అడుగున ఎక్కడైనా ఒకటి మిగిలిందేమోనని.

"ఏంది భాయ్ గిది? మిర్గం నాడు పోరగాండ్లకు ఏం పెట్టాలె? కోడి పెట్టాల్నా?"

"ఎదురు తోటలో చేపలున్నాయి పో" అన్నాను.

భీమన్న అబద్ధం చెప్పలేదు. అదొక్కటి ఒప్పుకోవాలి. "జిలేబి" అన్నాడు ట్యాంకు దగ్గర నిలబడి. సురేందర్ ముఖం చిట్లించి, "థూ, జిలేబా!" అన్నాడు. అప్పుడే భీమన్న గుప్పెడు మేత చల్లాడు. నీళ్లు ఒక్కసారి కుతకుతలాడాయి. వందలకొద్దీ చేపలు ఒకదాని మీదొకటి ఎగిరిపడ్డాయి. సురేందర్ ట్యాంకు మీదికి వంగి అయిదు నిమిషాలు చూశాడు. ఒమాన్ వచ్చిన ఆరేళ్లలో అతను బతికున్న చెరువు చేపను చూడటం అదే మొదలట.

"అన్నా, మంచిగ పులుసు పెట్టిస్తవా? అందరం ఈడికే వస్తం" అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే సురేందర్ మనుషులు రెండు బస్సుల్లో దిగారు. బర్కా తోటల్లోని వాళ్లు కూడా కలిశారు. నాదియా ట్యాబ్‌తో తయారు. శాంతవ్వ వారం కూడా అదే కావడంతో పదింటికి ఆమె వచ్చింది. ఆ ఎనభై మందినీ, పొయ్యి మీది దేగిసనూ, మోచేతుల దాకా పొలుసులతో ఉన్న మొగుణ్నీ చూసింది.

తన చేతులకు వాసన అంటితే రేపు వంటింటి గడప దాటలేదు. అందుకని గాలికి ఎదురు దిక్కున ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని, చీర చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, చేతులు ఒళ్లో ముడుచుకుని కూర్చుంది. కూర్చుని నోరు విప్పింది.

"గల్లుప్పు ఏసి రుద్దు. ఇంకోపాలి రుద్దు. బురద వాసన పోవాలె. చింతపండు పిసుకుతున్నవా, దాన్ని బుజ్జగిస్తున్నవా? ఉల్లిగడ్డ కాల్చినంక నూరు, పచ్చిది కాదు! గంటె తియ్యి, గంటె తియ్యి! తిప్పితె ముక్కలు పిండైతయి. దేగిస చెవులు వట్టి ఊపు. ఎన్నేండ్లు చెప్పినా గంతే!"

భీమన్న ఊపాడు. చెమటలు కారుతూ ఊపాడు. నలభై అయిదు డిగ్రీల ఎండలో, పొయ్యి సెగలో, వెనక నుంచి తిట్లు. ఆ మనిషి ముఖంలో ఎక్కడా చిరాకు లేదు. మెంతిపొడి వేసి మూత పెట్టాక పులుసు వాసన తోట దాటి నా కొట్టుదాకా వచ్చింది. నేను షట్టర్ సగం దించి వెళ్లిపోయాను. కడప పౌరుషం కాసేపు పక్కన పెట్టాను.

తినడం మొదలయ్యాక ముళ్లు తీసే చప్పుడు, చెయ్యి నాకే చప్పుడు. జావెద్ మూడుసార్లు పెట్టించుకున్నాడు. కనాద్ తప్ప ముట్టనని వేలు పెట్టి చెప్పినవాళ్లు ప్లేటును రొట్టెతో తుడిచారు. నాదియా ప్లేట్లు పేర్చి చూసింది. కడగాల్సిన పని లేనంత శుభ్రంగా ఉన్నాయి. అయినా ఆ పిల్ల వదల్లేదు. అదే ట్యాంకు చేపను ఒట్టిగా కాల్చి వాళ్లకే తలా ముక్క ఇచ్చింది. ఎవరూ రెండో ముక్క అడగలేదు.

మూడింటికి హమూద్ వచ్చాడు. పులుసు నోట్లో పెట్టుకుని, చెవులు ఎర్రబడి, నీళ్లు తాగి, మళ్లీ వేయించుకున్నాడు. నాదియా ట్యాబ్ చూపిస్తూ లెక్క తేల్చింది. జనానికి చేప ఏదైనా ఒకటే. వాళ్లు తిన్నది ఆ పులుసును. హమూద్ గట్టిగా తలూపి, నవ్వుతూ నాతో తన హిందీలో చెప్పడం మొదలుపెట్టాడు.

రోడ్డు పక్కన శుక్రవారాలు పులుసు కొట్టు పెడతాడట. శాంతవ్వకు తనే వీసా తీస్తాడట, దార్సైట్ వాళ్లతో తనే మాట్లాడతాడట. చేప ఏదైనా ఒకటే అయినప్పుడు ట్యాంకు ఎందుకు, బజార్లో చవకది కొనొచ్చు. కాబట్టి ట్యాంకు పూడ్పించేస్తాడు. భీమన్న చాలా నమ్మకస్తుడు. మంచి చేతిగడియారం ఇచ్చి ఇంటికి పంపిస్తాడు.

"ఏమంటున్నడు భాయ్? నవ్వుతున్నడు గదా?" అన్నాడు భీమన్న.

ఇంత అన్యాయపు తర్జుమా నేను జన్మలో చేయలేదు. కానీ చేయక తప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను.

భీమన్న దేగిస మీద మూత పెట్టాడు. "మంచిదే గదా. అదన్న ఉంటది" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది నాకు. ఇంతకంటే పిచ్చి మనిషి ఉంటాడా? నేను ఏదో అనేలోపు శాంతవ్వ కుర్చీలోంచి లేచింది.

"పులుసు ఎవలు చేసిన్రట?"

"నువ్వేనంట అక్కా. ఆ పిల్ల అట్లే రాసింది."

శాంతవ్వ నేరుగా నాదియా దగ్గరికి వెళ్లి రెండు చేతులూ ఆమె ముఖం ముందు పెట్టింది. "వాసన చూడు బిడ్డా."

నాదియా బిత్తరపోయి, తర్వాత వంగి వాసన చూసింది. సబ్బు వాసన. కాస్త ఇంగువ. అంతే. శాంతవ్వ వెనక్కి తిరిగి, మొగుడి మణికట్టు పట్టి లాక్కొచ్చి, ఆ చేతిని అర్బాబ్ ముక్కు కింద పెట్టింది. హమూద్ తల వెనక్కి విసిరాడు.

"ఇగ చెప్పుమను, చేసినోళ్లెవరో! నేను గంటె ముట్టలేదు, చేప ముక్క ముట్టలేదు. ఆరేండ్ల సంది ముడుతలేను. పొద్దుగాల్నుంచి ఈ మనిషి పొయ్యిల పడి కాలుతుంటె ఒక్కలకు కనవడలేదా? ఆయన్ని పంపిచ్చి నన్ను ఉంచుకుంటరట! ఏం చేసుకుంటరు నన్ను, ఎండవెడ్తరా?"

ఆ చివరిమాట తప్ప అంతా తర్జుమా చేశాను. నాదియా ముఖం ఎర్రబడింది. ఆడమనిషి పొయ్యి దగ్గర కూర్చుని ఉంటే వండింది ఆమే అనుకున్నానని, వండినవాణ్ని పనివాడి లెక్కలో వేశానని నిజాయితీగా ఒప్పుకుంది. ప్లేట్లు చూసిన కళ్లు మనిషిని చూడలేదన్నమాట. చదువు కదా, అలాగే ఉంటుంది.

హమూద్ గడ్డం గోక్కున్నాడు. అయితే వండేది భీమన్నేనా, ఇంకేం మరి, ఆమె అవసరం లేదు కదా అన్నాడు. లెక్క సరిగ్గా తిరగబడింది. అది చెప్పగానే భీమన్న కంగారుగా రెండు చేతులూ ఊపాడు.

"అట్లగాదు సార్, అట్లగాదు. అది ఎనకనుంచి తిట్టకుంటె నాకు ఉప్పెంతో, పులుపెంతో తెల్వది. ఒక్కన్నే చేస్తె గొడ్డు తినది."

"చెయ్యి ఇతనిది, నోరు ఆమెది. రెండింట్లో ఏది లేకపోయినా ప్లేట్లు మిగులుతాయి, చూస్కోండి" అని నేను హిందీలో చెప్పాను. రెండో వాక్యం నా సొంతం. నాదియా దాన్ని వెంటనే రాసుకుని, ఇద్దర్నీ విడివిడిగా వండించి పరీక్షించాలి అంది. హమూద్ చెయ్యెత్తి, పరీక్షలు చాలమ్మా, ఆకలేస్తున్నది అన్నాడు. భీమన్న వీసా కొట్టిస్తానన్నాడు. చూసుకునే మనిషి ఉన్నాడు కాబట్టి ట్యాంకూ ఉంటుందన్నాడు. ఇక శాంతవ్వ దార్సైట్‌లోనే పని చేసుకోవచ్చు, కానీ ఆ ఇంటివాళ్లతో తనే మాట్లాడతాడు, ప్రతి శుక్రవారం తన కారు వెళ్లి ఆమెను తీసుకొస్తుంది, కుర్చీలో కూర్చుని తిట్టి వెళ్లడమే ఆమె పని. నాదియా రిపోర్టులో ఆ పనికి ఇంగ్లీషులో ఏదో గొప్ప పేరు పెట్టింది.

నాలుగింటికి శాంతవ్వ అర్బాబ్ కారెక్కి వెళ్లిపోయింది. భీమన్న రోడ్డు దాటి నా దగ్గరికొచ్చాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలీలేదు.

"రొండు వారాలకోపాలి గాదు భాయ్, ఇగ వారం వారం తిట్లే" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. ఆ చేతులతో తుడుచుకుంటే మంట పుట్టి మళ్లీ నీళ్లొచ్చాయి.

"సరే గాని, అక్క ఏమైనా తినిందా?" అన్నాను.

భీమన్న చెయ్యి ముఖం మీదే ఆగిపోయింది. ఎనభై మందికి వండే హడావిడిలో ఆమె కోసం ఏమీ వండలేదు. పొద్దున బస్సు దిగిన మనిషి, సాయంత్రం దాకా అందరి ప్లేట్లూ చూస్తూ కూర్చుని, నీళ్లు తాగి వెళ్లిపోయింది. ఊళ్లో అందరి రుచీ అడిగిన ఆ పిల్ల అడగలేదు, నేనడగలేదు, మొగుడూ అడగలేదు. సిగ్గుతో నా తల వంగింది.

భీమన్న ఫోన్ చేశాడు. అవతల నుంచి ఆమె గొంతు నాకు కూడా వినబడింది.

"ఇప్పుడు యాదికచ్చిందా? ఎనభై మందికి గుర్తుండి పెడ్తివి, నాకు రొండు వంకాయలు కాలవెట్టనీకె చెయ్యి రాలేదా? పెయ్యంతా చేప వాసన, ముందు తానం చెయ్యి పో. చేసినంక నువ్వన్న తిను. పొద్దుగాల్నుంచి నువ్వు గూడ తినలే, నేను చూడలేదనుకున్నవా?"

కారు దార్సైట్ చేరేదాకా తిడుతూనే ఉంది. అతను ఫోన్ పెట్టలేదు.